అడగండి, చెబుతాను: పేరిస్తే అడ్రస్ రాబట్టడం

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే గొడవ: సి ప్రోగ్రామ్‌లో హోస్ట్ పేరు (నెట్‌వర్క్‌లో మెషీన్ పేరు) ఇచ్చి దాని ఐపీ అడ్రస్ (అంకెల చిరునామా) తెలుసుకోవడం. అందుకే ఈసారి కాలమ్ మొత్తం దానికే.

ప్రశ్న: మేడమ్, ల్యాబ్ మాన్యువల్‌లో ఉన్న ప్రోగ్రామ్‌ని మక్కీకి మక్కీ టైప్ చేశాను. గెట్‌హోస్ట్‌బైనేమ్‌కి సైట్ పేరు ఇచ్చి, వచ్చిన అడ్రస్‌ని ఐనెట్_ఎన్‌టూఏతో ప్రింట్ చేయడమే పని. కాలేజీలో పాత మెషీన్ల మీద నడుస్తోంది. నా ల్యాప్‌టాప్‌లో సెగ్మెంటేషన్ ఫాల్ట్ వస్తోంది. కంపైలర్ ఏదో వార్నింగ్ ఇచ్చింది, ఎర్రర్ కాదు కదా అని వదిలేశాను.
– బీటెక్ మూడో సంవత్సరం విద్యార్థి, కాకినాడ

జవాబు: మీరు వదిలేసిన ఆ వార్నింగ్‌లోనే ఉంది జవాబు. మళ్లీ కంపైల్ చేసి చదవండి, 'ఇంప్లిసిట్ డిక్లరేషన్' అని ఉంటుంది. ఆర్పా/ఐనెట్.హెచ్ అనే హెడర్ మీరు పెట్టలేదు. అది లేకపోతే ఐనెట్_ఎన్‌టూఏ ఏమి తిరిగి ఇస్తుందో కంపైలర్‌కి తెలియదు. పాత సి అలవాటు ప్రకారం ఇంట్ అనుకుంటుంది. నిజానికి వచ్చేది పాయింటర్, అంటే మెమరీలో ఆ స్ట్రింగ్ ఉన్న చోటు. 32 బిట్ మెషీన్‌లో ఇంట్, పాయింటర్ రెండూ నాలుగేసి బైట్లే కాబట్టి ఎవరికీ ఏమీ తెలియలేదు. 64 బిట్‌లో పాయింటర్ ఎనిమిది బైట్లు. కంపైలర్ కింది నాలుగు బైట్లు ఉంచుకుని పైవి పారేసింది. ఆ మిగిలిన సగాన్ని పట్టుకుని ప్రింట్‌ఎఫ్ స్ట్రింగ్ చదవబోయింది, కూలింది. 2024లో వచ్చిన జీసీసీ కంపైలర్ 14 నుంచి దీన్ని ఎర్రర్‌గానే చూపిస్తున్నారు. ఎప్పుడో చేయాల్సిన పని.

ఐనెట్_ఎన్‌టూఏ పేరెత్తాం కాబట్టి ఇంకోటి. నేను ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌గా వెళ్లిన చోటల్లా కనీసం ఒక్క స్క్రీన్ మీదైనా ఇది కనిపిస్తుంది: ఒకే ప్రింట్‌ఎఫ్‌లో సోర్స్ అడ్రస్, డెస్టినేషన్ అడ్రస్ ప్రింట్ చేస్తే రెండు చోట్లా ఒకటే అడ్రస్ పడుతుంది. పిల్లలు ప్యాకెట్ తనకి తానే వెళ్తోందనుకుని సాకెట్ కోడ్ అంతా తిరగేస్తుంటారు. ఆ ఫంక్షన్ దగ్గర జవాబు రాసిపెట్టడానికి ఉన్నది ఒకే ఒక్క స్టాటిక్ బఫర్. రెండోసారి పిలవగానే మొదటిది చెరిగిపోతుంది. గెట్‌హోస్ట్‌బైనేమ్ సంగతీ అంతే. రెండు థ్రెడ్‌లు ఒకేసారి పిలిస్తే ఎవరి అడ్రస్ ఎవరికి వెళ్తుందో చెప్పలేం.

అసలు గెట్‌హోస్ట్‌బైనేమ్ 1983 నాటి 4.2 బీఎస్‌డీ యూనిక్స్ కాలానిది. కొత్త తరం ఐపీ అడ్రస్‌ల పద్ధతి ఐపీవీ6 అనే మాటే లేని రోజులు. యూనిక్స్ తరహా సిస్టమ్‌ల పోజిక్స్ ప్రమాణం 2001లో దానికి కాలం చెల్లిందని చెప్పి, 2008లో పూర్తిగా తీసేసింది. ల్యాబ్ మాన్యువళ్లకి ఆ కబురు ఇంకా అందినట్టు లేదు. పైగా అది తన ఎర్రర్‌ని ఎర్నో అనే మామూలు చోట పెట్టదు, హెచ్_ఎర్నో అని వేరే చోట పెడుతుంది. ఎర్నో చూసి ఎర్రర్ చెప్పే పెర్రర్‌ని మీరు అలవాటుగా పిలిస్తే, పేరు దొరకనప్పుడు కూడా 'సక్సెస్' అని ప్రింట్ కావచ్చు!

వాడాల్సింది గెట్‌యాడర్‌ఇన్ఫో. హింట్స్ స్ట్రక్చర్‌ని ముందు మెమ్‌సెట్‌తో సున్నా చేయండి. ఇది మరిచిపోతే అందులో ఉన్న చెత్తే మీ హింట్ అవుతుంది. ఫ్యామిలీకి ఏఎఫ్_అన్‌స్పెక్ (ఐపీవీ4, ఐపీవీ6 ఏదైనా సరే), సాకెట్ టైప్‌కి సాక్_స్ట్రీమ్ పెట్టండి. సున్నా కాకుండా ఏది తిరిగొచ్చినా దాన్ని గాయ్_స్ట్రెర్రర్‌కి ఇచ్చి ప్రింట్ చేయండి. పని అయ్యాక ఫ్రీయాడర్‌ఇన్ఫో పిలవండి. కంపైల్ చేసేటప్పుడు సి99 స్టాండర్డ్ అని పెడితే 'హింట్స్ సైజు తెలియదు' అని ఎర్రర్ వస్తుంది. దానికి కంగారు పడకండి, జీఎన్‌యూ99 అని మార్చండి చాలు. రికార్డులో మాత్రం మీ సార్ చెప్పిందే రాయండి, మార్కులు అక్కడున్నాయి.

ప్రశ్న: గెట్‌యాడర్‌ఇన్ఫో ఇచ్చిన లిస్టు ప్రింట్ చేస్తే ప్రతి అడ్రస్ మూడుసార్లు వస్తోంది. బగ్గా? లిస్టులో మొదటిది ఒక్కటి తీసుకుంటే సరిపోదా?
– నెల్లూరు నుంచి ఒక పాఠకుడు

జవాబు: బగ్ కాదు. మీరు సాకెట్ టైప్ చెప్పలేదు కాబట్టి స్ట్రీమ్‌కి ఒకటి, డేటాగ్రామ్‌కి ఒకటి, రా సాకెట్‌కి ఒకటి ఇచ్చింది. హింట్‌లో సాక్_స్ట్రీమ్ అంటే ఒక్కోటే వస్తుంది.

మొదటిది ఒక్కటే తీసుకుంటానంటే నేను ఒప్పుకోను. లిస్టు వరుసకి ఒక లెక్క ఉంది, 2012లో వచ్చిన ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 6724 చెప్పిన లెక్క. చాలాసార్లు ఐపీవీ6 అడ్రస్ ముందు వస్తుంది. అది మీ దగ్గర్నుంచి అందకపోతే రెండోది ప్రయత్నించాలి కదా! లూప్ పెట్టండి: సాకెట్ తెరవడం, కనెక్ట్ చేయడం, కాకపోతే మూసేసి తర్వాతి దానికి వెళ్లడం. ఒక్క జాగ్రత్త. ఐపీవీ6 దారిలో ఎవరో ప్యాకెట్లని చప్పుడు చేయకుండా పారేస్తుంటే, లైనక్స్ డిఫాల్ట్ సెట్టింగ్‌లో కనెక్ట్ రెండు నిమిషాలు దాటి వేలాడుతుంది. బ్రౌజర్లు అందుకే రెండు రకాల అడ్రస్‌లనీ కొద్దిపాటి తేడాతో పోటీకి దింపుతాయి. మీరు అంత దూరం వెళ్లక్కర్లేదు. నాన్‌బ్లాకింగ్ కనెక్ట్, పోల్, ఒక టైమౌట్ పెట్టుకోండి.

ప్రశ్న: మా ప్రోగ్రామ్ సర్వర్‌కి కనెక్ట్ అయ్యే ముందు అయిదు సెకన్లు ఆగిపోతోంది. లాగ్‌లు పెట్టి చూస్తే ఆగుతున్నది గెట్‌యాడర్‌ఇన్ఫో దగ్గర. అదే పేరు ఎన్‌ఎస్‌లుకప్‌తో అడిగితే టక్కున జవాబొస్తుంది. డీఎన్‌ఎస్ సర్వర్ (పేరుకి అడ్రస్ చెప్పేది) ఎవరో రాసి ఉండే రిసాల్వ్.కాన్ఫ్‌లో ఆఫీసు రౌటర్ అడ్రస్ ఒక్కటే ఉంది. డీఎన్‌ఎస్‌లో తప్పేమీ లేదని నెట్‌వర్క్ టీమ్ అంటోంది, కోడ్‌లో తప్పేమీ లేదని మేమంటున్నాం. రోజూ ఇదే టెన్షన్.
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మాదాపూర్, హైదరాబాద్

జవాబు: సరిగ్గా అయిదు అన్నారు, అక్కడే దొంగ దొరికాడు. లైనక్స్‌లో సి లైబ్రరీ అయిన గ్లిబ్‌సీ ఒక డీఎన్‌ఎస్ ప్రశ్న పంపాక జవాబు కోసం ఎదురుచూసే గడువు, మనం ఏమీ మార్చకపోతే, 5 సెకన్లు. అంటే ఒక ప్రశ్నకి జవాబు రావడం లేదు, గడువు తీరాక మళ్లీ అడిగితే వస్తోంది.

ముందు ఒక మాట: ఎన్‌ఎస్‌లుకప్‌ని సాక్ష్యానికి పిలవకండి. అది మీ ప్రోగ్రామ్ వెళ్లే దారిలో వెళ్లదు. మీ ప్రోగ్రామ్ ముందుగా /ఈటీసీ/ఎన్‌ఎస్‌స్విచ్.కాన్ఫ్ చూస్తుంది. అందులో హోస్ట్స్ వరుసలో 'ఫైల్స్' ముందుంటే /ఈటీసీ/హోస్ట్స్ చదువుతుంది, ఆ తర్వాతే డీఎన్‌ఎస్. ఎన్‌ఎస్‌లుకప్ నేరుగా డీఎన్‌ఎస్ సర్వర్ దగ్గరికి పోతుంది. మీ ప్రోగ్రామ్‌కి ఏం కనిపిస్తుందో తెలియాలంటే అడగాల్సింది గెట్‌ఎంట్‌ని. 'గెట్‌ఎంట్ ఏహోస్ట్స్' అని కొట్టి పక్కన పేరిస్తే, అది పిలిచేదీ గెట్‌యాడర్‌ఇన్ఫోనే.

ఇక అసలు విషయం. మీరు ఏఎఫ్_అన్‌స్పెక్ ఇచ్చినప్పుడు వెళ్లేవి రెండు ప్రశ్నలు: ఐపీవీ4 కోసం 'ఏ' రికార్డ్, ఐపీవీ6 కోసం 'నాలుగు ఏల' రికార్డ్. గ్లిబ్‌సీ 2.9 నుంచి ఈ రెండూ ఒకే సాకెట్ నుంచి, ఒకదాని వెనకే ఒకటి, మొదటి జవాబు కోసం ఆగకుండా వెళ్తాయి. కొన్ని రౌటర్లు గుమ్మంలో ఇద్దరు నిలబడి పిలిస్తే ఒకరికే పలికే రకం. మొదటి ప్రశ్నకి జవాబిచ్చి రెండోదాన్ని మింగేస్తాయి. గ్లిబ్‌సీ ఆ రెండోదాని కోసం అయిదు సెకన్లూ కూర్చుంటుంది. ఎన్‌ఎస్‌లుకప్ ఒకటి అడిగి, జవాబొచ్చాకే ఇంకోటి అడుగుతుంది కాబట్టి దానికి ఇబ్బంది లేదు.

నిర్ధారించుకోవడం తేలిక. ముందు టైమ్ కమాండ్ పెట్టి 'గెట్‌ఎంట్ ఏహోస్ట్స్‌వీ4', తర్వాత మామూలు 'గెట్‌ఎంట్ ఏహోస్ట్స్' నడపండి. మొదటిది చిటికెలో అయిపోయి రెండోది అయిదు సెకన్లు పడితే అనుమానమే లేదు. నెట్‌వర్క్ టీమ్‌కి చూపించాలంటే ఇంకో టెర్మినల్‌లో డీఎన్‌ఎస్ వాడే పోర్ట్ 53 మీద, వచ్చిపోయే ప్యాకెట్లని చూపించే టీసీపీడంప్ పెట్టండి. ఒకే సోర్స్ పోర్ట్ నుంచి వెంటవెంటనే రెండు ప్రశ్నలు, ఒక్క జవాబు, అయిదు సెకన్ల ఖాళీ, మళ్లీ అవే ప్రశ్నలు. ఆ నాలుగు లైన్లు వాళ్లకి మెయిల్ చేయండి, వాదన అక్కడితో ఆగుతుంది.

రిసాల్వ్.కాన్ఫ్‌లో ఆప్షన్స్ లైన్ రాసి 'సింగిల్-రిక్వెస్ట్-రీఓపెన్' పెట్టండి. రెండో జవాబు రాకపోతే ఆ సాకెట్ మూసి, కొత్తది తెరిచి అడుగుతుంది. దానితో కుదరకపోతే ఉత్త 'సింగిల్-రిక్వెస్ట్'. అప్పుడు ఒకటి పూర్తయ్యాకే రెండోది వెళ్తుంది. చేత్తో రాసింది నెట్‌వర్క్ మేనేజర్ చెరిపేయొచ్చు కాబట్టి సెట్టింగ్ అక్కడే మార్చడం మేలు. ఆల్పైన్ లైనక్స్ కంటెయినర్లలో ఈ ఆప్షన్లు పనిచేయవు, అక్కడ గ్లిబ్‌సీ బదులు ఉండే మస్ల్ లైబ్రరీ వాటిని పట్టించుకోదు. రౌటర్ ఫర్మ్‌వేర్ మార్చడం అసలైన వైద్యం, అది మీ చేతిలో ఉంటే.

కోడ్‌లో ఏఎఫ్_ఐనెట్ (ఐపీవీ4 మాత్రమే) అని మార్చేసి చేతులు దులుపుకోవాలని మీ టీమ్‌లో ఎవరో ఒకరు ఇప్పటికే అని ఉంటారు. వద్దు. రేపు సర్వర్ ఐపీవీ6కి మారిన రోజు ఆ లైన్ ఎందుకు రాశారో గుర్తున్నవాళ్లు ఆఫీసులో ఉండరు.

ప్రశ్న: గెట్‌హోస్ట్‌నేమ్‌తో నా మెషీన్ పేరు తీసుకుని, ఆ పేరుతో అడ్రస్ వెతికితే 127.0.1.1 అని వస్తోంది. వైఫై అడ్రస్ రావాలి కదండీ?
– డిప్లొమా విద్యార్థిని, గుంటూరు

జవాబు: /ఈటీసీ/హోస్ట్స్ తెరిచి చూడండి, రెండో లైన్‌లోనే మీ మెషీన్ పేరు పక్కన ఆ అడ్రస్ ఉంటుంది. డెబియన్, ఉబుంటు ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు రాసే లైన్ అది. మీ ప్రోగ్రామ్ ఫైల్‌లో ఉన్నదే చదివి చెప్పింది. ఆ లైన్ తీసేయకండి.

'నా ఐపీ ఎంత' అనే ప్రశ్నకి ఒక్క జవాబుండదమ్మా. మెషీన్ తనతో తాను మాట్లాడుకునే లూప్‌బ్యాక్ ఒకటి, వైఫై ఒకటి, డాకర్ ఉంటే దానిదొకటి. అన్నీ కావాలంటే గెట్‌ఇఫ్‌యాడర్స్. ఫలానా సర్వర్‌కి వెళ్లేటప్పుడు ఏది వాడుతుందో కావాలంటే, యూడీపీ సాకెట్ తెరిచి ఆ సర్వర్ అడ్రస్‌కి కనెక్ట్ చేసి గెట్‌సాక్‌నేమ్ పిలవండి. యూడీపీలో కనెక్ట్ అంటే బయటికి ఒక్క ప్యాకెట్ కూడా పోదు, కెర్నెల్ రూట్ చూసి అడ్రస్ ఎంచుకుంటుంది, అంతే.

ప్రశ్న: ఫ్యాక్టరీలో కంట్రోలర్ల ఐపీలన్నీ ఎక్సెల్‌లో ఉన్నాయి. వరుసగా కనబడాలని మూడేసి అంకెలతో రాసుకున్నాం, 192.168.010.025 ఇలా. అదే ఫైల్‌ని సి ప్రోగ్రామ్ చదివి కనెక్ట్ అవుతుంది. కొన్ని కనెక్ట్ కావు, కొన్నింటికి 'పేరు తెలియదు' అని ఎర్రర్. పేర్లే వాడటం లేదు కదా మేము!
– మెయింటెనెన్స్ ఇంజినీర్, విశాఖపట్నం

జవాబు: ఈ నెల ఉత్తరాల్లో నాకు బాగా నచ్చింది ఇదే. సిలో ముందు సున్నా పెడితే అది ఆక్టల్ (పదికి బదులు ఎనిమిది ఆధారంగా లెక్కించే) అంకె అని చదువుకున్నాం కదా. గెట్‌యాడర్‌ఇన్ఫో పాత ఐనెట్_ఏటన్ పద్ధతిలో అంకెల అడ్రస్‌ని చదువుతుంది, అక్కడా అదే నియమం. 010 అంటే ఎనిమిది, 025 అంటే ఇరవై ఒకటి. మీరు పంపింది 192.168.8.21కి.

మరి 'పేరు తెలియదు' అన్నవి? వాటిలో 089 లాంటివి ఉంటాయి చూడండి. ఆక్టల్‌లో 8, 9 అంకెలే లేవు. ఇది అడ్రస్ కాదు, ఏదో హోస్ట్ పేరయి ఉంటుందని డీఎన్‌ఎస్‌ని అడిగింది. లేదని వచ్చింది.

ఫైల్‌లో వచ్చేది అడ్రసే అయినప్పుడు ముందు ఐనెట్_పీటన్‌తో పరీక్షించండి. గ్లిబ్‌సీలో అది ముందు సున్నాలని ఒప్పుకోదు, సున్నా తిరిగి ఇస్తుంది. ఆ లైన్ నంబర్‌తో ఎర్రర్ ప్రింట్ చేసి ఆపేయండి. ఎక్సెల్‌లో వరుస కుదరాలంటే నాలుగు భాగాలకి నాలుగు కాలమ్‌లు పెట్టుకోండి, ప్రోగ్రామ్ చదివే కాలమ్‌లో మాత్రం సున్నాలు వద్దు. ఈలోగా 192.168.8.21 ఎవరి మెషీనో కనుక్కోండి. ఇన్నాళ్లూ మీ కమాండ్లు వాళ్ల తలుపే తడుతున్నాయి.