బుజ్జీ, సియాయా వెళ్లే ముందు

బుజ్జీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. కెన్యాలో సియాయా కౌంటీకి వెళ్తున్నావట, అక్కడి పల్లెల్లో కుటుంబాలకు నేరుగా డబ్బు అందించే పనిలో చేరావట. "నువ్వైనా చెప్పు అన్నయ్యా, అంత దూరం ఎందుకు దానికి" అంది. వెళ్లొద్దని చెప్పించాలని తన ఉద్దేశం. నేను చెప్పను. గర్వంగానే ఉంది, భయంగానూ ఉంది. వెళ్లేలోపు ఈ ఉత్తరం రెండుసార్లు చదువు.

ముందు చిన్నవి. ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి పది రోజుల ముందే వేయించుకో. తిరిగొచ్చేటప్పుడు మన విమానాశ్రయంలో ఆ కార్డు అడుగుతారు. బోడాబోడా, అంటే అక్కడి బైక్ టాక్సీ, హెల్మెట్ లేకుండా ఎక్కకు. మలేరియా సంగతి మాత్రం చిన్నది కాదు. సియాయా విక్టోరియా సరస్సు ఒడ్డున ఉంది, కెన్యాలో మలేరియా బాగా ఎక్కువగా ఉండేది ఆ సరస్సు చుట్టుపక్కలే. ముందుజాగ్రత్త మాత్రలు డాక్టర్ని అడిగి ఇక్కడినుంచే మొదలుపెట్టు. జ్వరం వస్తే వానలో తడిశానులే అని పారాసెటమాల్ మింగి పడుకుంటావు, నీ సంగతి నాకు తెలుసు. అలా చెయ్యకు తల్లీ. ఆ రోజే రక్తపరీక్ష చేయించుకో. అక్కడి రకం మలేరియా రెండు మూడు రోజుల్లోనే ప్రాణం మీదికి తెస్తుంది.

ఇక పని. ఇది నడుస్తున్నదే ఎం-పెసా మీద, అంటే ఫోన్లోనే డబ్బు పంపి, దాచుకునే అక్కడి పద్ధతి మీద. 2007లో అది వచ్చింది కాబట్టే బ్యాంకు మొహం చూడని ఊరికి కూడా డబ్బు చేరుతోంది. ఫోన్‌కి మెసేజ్ వస్తుంది, ఏజెంటుగా ఉన్న కొట్టువాడికి ఐడీ కార్డు చూపించి, పిన్ కొట్టి నగదు తీసుకుంటారు. వినడానికి సులువే. నమోదు రోజున ఐడీ మీది పేరూ సిమ్ ఎవరి పేరు మీదుందో అదీ అక్షరం అక్షరం సరిపోల్చు. నైరోబీలో ఉండే కొడుకు తన పేరున తీసిన సిమ్ తల్లి వాడుకుంటూ ఉంటుంది. డబ్బు ఆమె ఫోన్లోనే పడుతుంది, కానీ ఏజెంటు ఐడీ అడిగితే ఆమె కార్డు చెల్లదు. ఐడీ లేనివాళ్లుంటే డబ్బు ఎవరి ద్వారా అందాలో వాళ్లనే అడుగు. ఊరి పెద్దను అడగకు.

ఒకే రోజు వందల ఇళ్లకు డబ్బు పడిందనుకో, ఊరి ఏజెంటు దగ్గర నోట్లు మధ్యాహ్నానికే అయిపోతాయి. రేపు రమ్మంటాడు. లేదా కంపెనీ ఛార్జీ ఖాతాలోంచి ఎలాగూ కోసుకుంటున్నా, పైన చేతికి ఇంకొంత ఇమ్మంటాడు. అందుకే ఊళ్లవారీగా రోజులు మార్చి పంపించాలి. ఫోన్లో ఉన్న డబ్బు ఎక్కడికీ పోదని, కావాల్సినప్పుడు కావాల్సినంతే తీసుకోవచ్చని ముందే చెప్పాలి. ఆ మాట చెప్పకపోతే అందరూ ఒకేసారి మొత్తం తీసి, చీకట్లో అంత నగదుతో ఇంటికి నడుస్తారు.

పిన్ విషయంలో మొహమాటపడకు. కళ్లు సరిగా కనపడని ముసలావిడ ఫోన్ నీ చేతిలో పెట్టి నువ్వే కొట్టమ్మా అంటుంది. ఆవిడ మనవరాలు నేర్పించేదాకా ఆగు, నువ్వు మాత్రం కొట్టకు. 2022లో తూర్పు కాంగోలో ఇలాంటి కార్యక్రమంలోనే, కుటుంబాలకు చెందాల్సిన సిమ్‌లు సిబ్బంది చేతుల్లో ఉండిపోయి దాదాపు 9 లక్షల డాలర్లు పక్కదారి పట్టాయి. నమోదు చేసేవాళ్లు వేరు, వెళ్లి సరిచూసేవాళ్లు వేరు, అందిందా అని ఫోన్ చేసి అడిగేవాళ్లు వేరుగా ఉండాలి. మనవాళ్లేలే, ఒకళ్లే చేసేస్తే పని తొందరగా అవుతుంది అని ఎవరైనా అంటే ఒప్పుకోకు.

అసలు నేను రాయాలనుకున్నది ఇప్పుడు రాస్తున్నాను. మొదటి రోజుల్లో ఆ ప్రాంతంలో పేదల్ని గుర్తుపట్టడానికి పెట్టుకున్న కొలత ఇంటికప్పు. గడ్డి కప్పు ఉంటే డబ్బు, రేకుల కప్పు ఉంటే లేదు. చూడ్డానికి చక్కటి కొలత. ఎవరూ అబద్ధం చెప్పలేరు, దారిలో నడుస్తూ లెక్కపెట్టొచ్చు, గుడిసెల్లో ఉన్నవాళ్లు నిజంగానే పేదవాళ్లు. సియాయా ఊళ్లలో మూడో వంతు ఇళ్లు అలా తేలాయి.

ఇంటికప్పు మాట్లాడదు, అదే చిక్కు. మొగుడు బతికున్నప్పుడు వేసిన రేకులు తుప్పుపట్టి, చిల్లులు పడి, వానకు గిన్నెలు పెట్టుకుని కూర్చునే విధవరాలికి ఆ కొలత ప్రకారం ఏమీ రాదు. పక్కింట్లో రెండు ఆవులున్నా గడ్డి కప్పే బాగుందని మార్చుకోనివాడికి వస్తుంది. కొలత ఏమిటో ఊరికి తెలిశాక, వంటకు వాడుకునే గడ్డిపాకలోకి మంచం మార్చి మేం ఉండేది ఇక్కడే అన్నవాళ్లున్నారు. పొయ్యి ఎక్కడుంది, బట్టలు ఎక్కడ ఆరేశారు, పిల్లలు ఎక్కడ పడుకుంటారు అని రెండోసారి ఇంకొకళ్లు వెళ్లి చూడాల్సి వచ్చింది. ఆకలిగొన్న మనిషి చేత అబద్ధం ఆడించింది ఆ కొలతే. వాళ్లను నువ్వు మోసగాళ్లనకు.

అంతకంటే లోతైన దెబ్బ ఇంకొకటి. ఇరుగు పొరుగుల్లో ఒకరికి వచ్చి ఒకరికి రాకపోతే, రానివాళ్ల మనసు కుంగింది. సియాయాలోనే ఉన్న రారియెడా ప్రాంతంలో 2011 నుంచి చేసిన అధ్యయనంలో ఇది అంకెల్లోనే తేలింది. చుట్టుపక్కలవాళ్లు బాగుపడిన కొద్దీ డబ్బు అందనివాళ్ల సంతృప్తి తగ్గింది. కాలం గడిచాక ఆ బాధ మెత్తబడిందనుకో. కానీ ఆ కాలంలోనే బావి దగ్గర మాటలు ఆగిపోతాయి. మన దగ్గర 2018లో రైతుబంధు వచ్చినప్పుడు పాసుపుస్తకం ఉన్నాయన ఖాతాలో డబ్బు పడితే, ఆ చేనే కౌలుకు దున్నినవాడు గట్టు మీద నిలబడి చూడలేదూ? అదే బాధ. తర్వాత్తర్వాత ఊళ్లో అందరికీ ఇచ్చే పద్ధతికి మారారు. డబ్బు ఎక్కువ కావాలి, ఊళ్లు తక్కువ అందుతాయి, అయినా నా లెక్కలో అదే సరైనది. మీ కార్యక్రమంలో ఇంకా కొందరికి ఇచ్చి కొందరికి ఇవ్వకుండా గీత గీసే పద్ధతే ఉంటే, ఎందుకు గీశారో బరాజాలో నిలబడి చెప్పాలి. బరాజా అంటే మన రచ్చబండ, చీఫ్ పిలిస్తే ఊరంతా వస్తుంది. లోపల గదిలో ఊరిపెద్దతో రాయించుకున్న జాబితాను ముట్టుకోకు.

అక్కడే డబ్బు ఎవరిది, ఎన్ని వాయిదాలు, చివరిది ఎప్పుడు, తిరిగి కట్టక్కర్లేదు అని వాళ్ల లువో భాషలో చెప్పించు. పక్కనున్న హోమాబేలో 2015 ప్రాంతంలో చాలామంది ఆ డబ్బే వద్దన్నారు. ఊరికే ఎవరిస్తారు, ఇది దెయ్యం డబ్బు అన్నారు. వాళ్లది అమాయకత్వం అనుకోకు. అడగని అప్పు ఇచ్చి తర్వాత పొలం రాయించుకున్నవాణ్ని చూసినవాళ్లెవరైనా అలాగే అంటారు.

డబ్బు వచ్చాక ఏమవుతుందో చెప్తాను, కంగారుపడకుండా ఉంటావు. 2014 తర్వాత సియాయాలో 10,500కు పైగా ఇళ్లకు ఇచ్చింది ఇంటికి 87,000 షిల్లింగులు. అప్పటికి దాదాపు వెయ్యి డాలర్లు: ముందు 7,000, రెండు నెలలకు 40,000, ఆ తర్వాత ఆర్నెల్లకు ఇంకో 40,000. ఎక్కువమంది మొదట మార్చేది ఇంటికప్పునే. గడ్డి ఏడాదికో రెండేళ్లకో మళ్లీ మళ్లీ కప్పాలి, రేకులు వేస్తే ఆ ఖర్చు ఆగుతుంది, గొట్టం పెడితే వాననీళ్లు డ్రమ్ములో పడతాయి. అడిగితే రెండు మాటలు చెప్పు. రేకు గేజి అంకె పెద్దదైతే రేకు పలచన, 28 కంటే 32 పలచన. మేకు రేకు మిట్ట మీద కొట్టాలి, పల్లంలో కొడితే అక్కడే కారుతుంది. ఆవు కొనేవాళ్లకు పిడుదుల వల్ల వచ్చే ఈస్ట్ కోస్ట్ జ్వరం సంగతి చెప్పు. పాలెక్కువిచ్చే సంకర ఆవుకు వారంవారం మందు కొట్టకపోతే పెట్టిన డబ్బంతా చచ్చిన ఆవుతో పోతుంది, నాటు ఆవు కాస్త తట్టుకుంటుంది. పెద్ద వానలు మార్చిలో మొదలవుతాయి. విత్తనం, ఎరువు కొనే డబ్బు ఫిబ్రవరిలో చేతిలో ఉండాలి. ఏప్రిల్‌లో పంపితే అది తిండికే పోతుంది, అందులో తప్పేం లేదు, కానీ అది ఆలస్యం చేసిన మీ తప్పు.

నెలనెలా 2,250 షిల్లింగులు ఇచ్చిన ఊళ్లలో కొందరు దాన్ని చీటీల్లో పోగేసి పెద్ద మొత్తం చేసుకున్నారు. అంటే ఎలా వాడాలో మనకంటే వాళ్లకే బాగా తెలుసు. తాగుడుకు పెడతారన్న భయం మీ అమ్మకూ ఉంది. రారియెడా లెక్కల్లో అలాంటిదేమీ పెరగలేదు. పెరిగింది ఆస్తి, పశువులు, పిల్లల తిండి. ఇంకొకటి చదివి చాలాసేపు కూర్చుండిపోయాను. డబ్బు అందిన ఇళ్లలో ఏడాదిలోపు పసిపిల్లల చావులు దాదాపు సగానికి తగ్గాయని 2025లో లెక్క తేలింది. తల్లులు కడుపుతో ఉన్న చివరి నెలల్లో పని తగ్గించుకున్నారు, కాన్పుకు ఆసుపత్రికి వెళ్లగలిగారు. జాబితాలో నిండుచూలాలు కనిపిస్తే ఆ ఇంటి వాయిదా ఆగకుండా చూడు.

ఇంటింటికీ వెళ్లి డబ్బేం చేశారు అని అడిగేటప్పుడు నీ గొంతు జాగ్రత్త. చిన్నప్పుడు తమ్ముడికి ఇచ్చిన అర్ధరూపాయికి సాయంత్రం లెక్క అడిగేదానివి. వాడు ఏడ్చేవాడు. అలా అడగకు. భార్యను ఒక్కదాన్నే విడిగా అడగాల్సిన ప్రశ్న ఒక్కటే ఉంది, డబ్బు వల్ల ఇంట్లో గొడవ అయిందా అని. ఫిర్యాదుల నంబరు కాగితం మీద కాదు, ఆమె ఫోన్లోనే రాసివ్వు.

మొదటి వాయిదా పడిన రోజు రాత్రి నాకు ఫోన్ చెయ్యి, ఎంత పొద్దుపోయినా పర్వాలేదు. ఎంతమందికి అందలేదో ముందు చెప్పు, మిగతా కబుర్లు తర్వాత.

మీ మామయ్య