మైకు ముందు రాని పాట ఇసుర్రాయి తిప్పితే వచ్చింది

చిన్న ఊళ్లలో సొంతంగా నడిచిన రేడియో స్టేషన్ల చరిత్ర ఎవరికైనా తెలుసా, అందరి చేతిలో ఫోన్లున్న ఈ రోజుల్లో వాటి అవసరం ఏముంది అని అడిగారు. మాది జహీరాబాద్ దగ్గర పల్లె. మా నాయనమ్మ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ, అంటే మేం డీడీఎస్ అనే సంస్థ, మహిళా సంఘంలో ఉండేది. అందుకని ఆ సంస్థే పెట్టిన మాచ్నూర్ సంఘం రేడియో గురించి చెప్తాను.

దాని గురించి ఎవరు రాసినా 2008 అక్టోబర్ 15తో మొదలుపెడతారు. 90.4 ఎఫ్ఎం, దేశంలో స్వచ్ఛంద సంస్థకు దక్కిన లైసెన్సుతో పల్లెటూళ్లో మొదలైన తొలి కమ్యూనిటీ రేడియో, అంటే ఊరివాళ్లే నడుపుకునే రేడియో, నడిపేది దళిత మహిళలు. అన్నీ నిజాలే. కానీ నన్నడిగితే ఆ స్టేషన్ అసలు చరిత్ర అంతకు ముందు పదేళ్లది. 1990ల చివర్లోనే యునెస్కో సాయంతో అక్కడ స్టూడియో తయారైంది. మైకులున్నాయి, రికార్డింగ్ నేర్చుకున్న ఆడపిల్లలున్నారు, ప్రసారం చేయడానికి అనుమతి మాత్రం లేదు. మరి ఏం చేశారంటే, రికార్డు చేసిన క్యాసెట్లు పట్టుకుని ఊరూరా తిరిగి, పనులయ్యాక రాత్రిపూట సంఘం కూర్చున్నప్పుడు టేప్ రికార్డర్‌లో వినిపించేవారు.

అప్పుడు నేను బడికి పోయే పిల్లను. ఒకరోజు పొద్దున రికార్డింగ్ కోసం ఒకమ్మాయి మా ఇంటికొచ్చింది. మా నాయనమ్మకు జొన్నలు విసిరేటప్పుడు పాడే పాటలు చాలా వచ్చని ఎవరో చెప్పారట. అరుగు మీద కూర్చోబెట్టి మైకు ముందు పెట్టింది. నాయనమ్మ కొంగు సర్దుకుంది, గొంతు సవరించుకుంది, రెండు ముక్కలు పాడి ఆగిపోయింది. మళ్లీ మొదలుపెట్టింది, మళ్లీ అక్కడే ఆగింది. "యాదికి వస్తలేదు బిడ్డా" అంది. నాకు ఒకటే టెన్షన్, ఆమె వెళ్లిపోతుందేమోనని. ఆ అమ్మాయి మాత్రం కాసేపు చూసి, "అవ్వా, ఇసుర్రాయి ఏడున్నది?" అని అడిగింది. మూలనుంచి ఇద్దరూ కలిసి రాయి జరిపి, కింద గుడ్డ పరిచారు. నాయనమ్మ ఒక కాలు చాపుకుని కూర్చుంది, గుప్పెడు పచ్చజొన్నలు పోసి పిడి పట్టుకుంది. రాయి రెండు సుట్లు తిరిగిందో లేదో, పాట దానంతట అదే వచ్చింది. చరణం మారే చోట చేయి ఆగేది, గుప్పెడు గింజలు పడేవి, మళ్లీ రాయి, మళ్లీ పాట. రాయి గరగరా టేపులో పడింది. ఆ చప్పుడు తీసేయాలని ఆ అమ్మాయి అనుకోలేదు. పట్నం స్టూడియోలో అయితే ముందు ఆ రాయినే బయట పెట్టించేవాళ్లు, నేను గ్యారంటీగా చెప్పగలను.

తర్వాత ఆ క్యాసెట్టు పక్క ఊరి సంఘంలో పెడితే, అక్కడొకామె మధ్యలో ఆపించిందట. తమ్ముడు పండుగకు తోలుకపోవడానికి వచ్చే చరణం ఇందులో లేదని, తనే పాడింది. దాన్నీ రికార్డు చేసుకుని, ఈసారి మా ఊరికి తెచ్చి వినిపించారు. నాయనమ్మ విని, "అవును, ఇది మా అమ్మ పాడేది" అంది. వినేవాళ్లు ఆపి, సరిదిద్ది, మళ్లీ పంపే రేడియో ఇంకెక్కడైనా ఉందా? ఎఫ్ఎం వచ్చాక ఎక్కువ ఊళ్లకు చేరింది, రాత్రి 7 నుంచి 9 దాకా వంట చేసుకుంటూ వినే వీలు దొరికింది, చాలా మంచిదే. ఆ ఆపించడం మాత్రం క్యాసెట్ల కాలంతోనే పోయిందని నా బాధ.

లైసెన్సు ఎందుకంత ఆలస్యమైందంటే, గాలిలో తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. అదీ ఒక క్రికెట్ ప్రసారం గొడవలో. ప్రభుత్వం 2002లో తలుపు కొంచెం తీసింది, చదువు చెప్పే సంస్థలకు మాత్రమే. మాలాంటి ఊళ్లలో పనిచేసే స్వచ్ఛంద సంస్థలకు దారి దొరికింది 2006 చివర్లో. కాలేజీ ఉంటేనే మాట్లాడే అర్హత అన్నట్టుంది ఆ పద్ధతి. ఆ 1995 తీర్పు ఇచ్చిన జస్టిస్ పి.బి. సావంతే వచ్చి మాచ్నూర్ స్టేషన్ మొదలుపెట్టారు. స్టేషన్ భారం మోసింది నర్సమ్మ అనే పేరున్న ఇద్దరు ఆడవాళ్లు, జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ. విత్తనాలు, చిరుధాన్యాలు, నాటు వైద్యం, పండుగలు, పాటలు, అన్నీ మా యాసలోనే.

ఇంకో మాట, ఇది నన్ను చాలా ఏళ్లుగా తొలుస్తున్నది. కమ్యూనిటీ రేడియో సొంతంగా వార్తలు చెప్పకూడదు. వాన వస్తుందని, కరెంటు పోతుందని చెప్పొచ్చు. మా ఝరాసంగం, న్యాల్‌కల్ మండలాల్లో నిమ్జ్ అనే పెద్ద పారిశ్రామిక వాడ కోసం 12 వేల ఎకరాలకు పైగా సేకరించాలని తలపెట్టారు. ఎవరి భూమి పోతున్నది, ఎంత ఇస్తామంటున్నారు అనేది మాకు అన్నిటికంటే పెద్ద వార్త. ఝరాసంగం మండలంలోనే రేడియో ఉంది, కానీ వార్తగా చెప్పే హక్కు దానికి లేదు. హైదరాబాద్‌లో అచ్చైన పేపర్ చూసి మా పక్క చేను సంగతి తెలుసుకోవాలి. ఈ నిబంధన పోవాలి. వంద వాట్ల స్టేషన్ వల్ల దేశానికి వచ్చే ప్రమాదం ఏమీ లేదు.

ఇక ఫోన్లున్నాయి కదా అన్న ప్రశ్న. ఫోన్లో ఎవరి వీడియో వాళ్లు చూస్తారు, చెవిలో పెట్టుకుంటారు. రేడియో వాకిట్లో మోగితే కలుపు తీసి వచ్చిన నలుగురూ వింటారు, అందులో తప్పుంటే అక్కడే కొట్లాడతారు. పైగా ఇప్పుడొచ్చే చాలా ఫోన్లలో ఎఫ్ఎం తీసేస్తున్నారు. తీసేయొద్దని 2023లో కేంద్రమే కంపెనీలకు సూచించింది. మీరు ఈసారి ఫోన్ కొనేటప్పుడు కెమెరా ఎంత అని అడిగే ముందు ఎఫ్ఎం ఉందా అని అడగండి. లేదంటే ఎందుకు లేదని కూడా అడగండి.