పెట్టె కింద వరి దుబ్బు

ప్రశ్న: మా పక్క చేలో పరిశోధన వాళ్లు వరి దుబ్బుల మీద ప్లాస్టిక్ పెట్టె బోర్లించి, పది నిమిషాలకోసారి సిరంజీతో గాలి లాగుతున్నారు. భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు కొలుస్తున్నారట. పెట్టెలో వేడికి మొక్క తీరే మారిపోతుంది కదా, ఆ లెక్క నమ్మొచ్చా?
– ఒక రైతు, అమలాపురం

జవాబు: మీ అనుమానం సరైనదేనండీ, అది వాళ్లకీ ఉంటుంది. అందుకే సాధారణంగా అరగంటకు మించి పెట్టె ఉంచరు, లోపల చిన్న ఫ్యాను, థర్మామీటరు పెడతారు. బురదలో ముందే దింపిన చట్రం గాడిలో నీళ్లు పోసి పెట్టె కూర్చోబెడితే అంచుల్లోంచి గాలి పోదు. బయటి గాలిలో మీథేన్ పది లక్షల పాళ్లలో రెండు పాళ్లు. మీటరు ఎత్తు పెట్టెలో అది అరగంటకు ఐదు పాళ్లయిందనుకోండి, చదరపు మీటరు చేను గంటకు సుమారు 4 మిల్లీగ్రాములు వదులుతున్నట్టు.

దుబ్బుతో సహా ఎందుకు మూస్తారంటే, మీథేన్‌లో చాలా భాగం నీటిలోంచి కాదు, వరి మొక్క లోపలి గాలి గొట్టాల్లోంచే పైకి వస్తుంది.

నన్నడిగితే వేడి కన్నా పెద్ద టెన్షన్ మనిషి కాలితోనే. పెట్టె పక్కన బురదలో అడుగేస్తే చాలు, బుడబుడమని బుడగలొస్తాయి, అంతే, ఆ కొలత పాడైనట్టే! గట్టు నుంచి చెక్క వేసుకుని దాని మీదే నడుస్తున్నారో లేదో చూడండి.

అసలు మొక్కను ముట్టుకోని పద్ధతీ ఉంది. చేలో స్తంభం పాతి, గాలి పైకీ కిందికీ ఎంత వేగంతో కదులుతోందో, అందులో మీథేన్ ఎంతుందో సెకనుకు పది ఇరవై సార్లు కొలుస్తారు. పైకెళ్లే సుడుల్లో మీథేన్ ఎక్కువ, దిగే సుడుల్లో తక్కువ ఉంటే ఆ తేడా చేను వదిలిందే, దాన్ని అరగంటకోసారి సగటు కడతారు. రాత్రి గాలి స్తంభిస్తే మాత్రం ఈ లెక్క కుదరదు. పైగా గాలి ఎటునుంచి వీస్తే అటువైపు చేను లెక్కే వస్తుంది కాబట్టి, అరెకరం మడిలో నీళ్లు నిలిపితే ఎంత, ఆరబెడితే ఎంత అని పోల్చాలంటే పెట్టె పద్ధతే మేలు.

ఆరబెట్టి చూస్తున్నారా అని వాళ్లను అడగండి. ఆరితే మీథేన్ తగ్గుతుంది కానీ, యూరియా వేశాక నైట్రస్ ఆక్సైడ్ (ఇదీ భూమిని వేడెక్కించే వాయువే) కొద్ది రోజులు ఎగసి తగ్గిపోతుంది, వారానికోసారి వచ్చి పెట్టె పెట్టేవాళ్లకు అది దొరక్కపోవచ్చు.