ముందు హీరోయిన్, తర్వాత డైరెక్టర్ అంటోంది మా అమ్మాయి

ప్రశ్న: సార్, మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మా అమ్మాయి ప్లస్ టూ రెండో సంవత్సరం, ఆర్ట్స్. చిన్నప్పటి నుంచి నాటకాలంటే ప్రాణం. ఇప్పుడు ఫోన్‌తో చిన్న సినిమాలు తీస్తోంది. వీధిలో పిల్లలందరినీ పోగుచేసి ఎవరు ఎక్కడ నిలబడాలో, ఏం మాట్లాడాలో చెబుతుంది. తను మాత్రం వాటిలో ఎప్పుడో గానీ కనిపించదు. మొన్న వాళ్ల నానమ్మ డాబా మీద వడియాలు పెడుతుంటే నాలుగు నిమిషాల వీడియో తీసింది. అది చూసి మా వారు కూడా ఏమీ అనలేకపోయారు. కానీ "విజయనిర్మల గారిలా ముందు హీరోయిన్ అవుతాను, పేరొచ్చాక డైరెక్టర్ అవుతాను" అంటోంది. హైదరాబాద్‌లో ఒక సంస్థ వాళ్లు ఫొటోలు చూసి, అరవై వేలు కడితే పోర్ట్‌ఫోలియో, మూడు నెలల ట్రైనింగ్, వెబ్ సిరీస్‌లో వేషం గ్యారంటీ అన్నారట. ఈ నెలాఖరులోగా కట్టాలట. మా వారేమో ప్లస్ త్రీ (డిగ్రీ), బి.ఎడ్. చేసి టీచర్ కమ్మంటున్నారు. ఇంట్లో రోజూ గొడవే. టెన్షన్‌తో నాకు నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు ఆ అరవై వేల సంగతి తేల్చేద్దాం. కట్టకండి. సినిమాలో వేషం ఇచ్చేవాళ్లు నటులకు డబ్బు ఇస్తారు గానీ, నటుల దగ్గర తీసుకోరు. "గ్యారంటీ" అన్న మాట, "నెలాఖరులోగా" అన్న గడువు, ఈ రెండూ కలిసి వచ్చాయంటే అక్కడ మీ పాప ప్రతిభ మీద ఎవరికీ ఆసక్తి లేదని అర్థం. పైగా తనకు పద్దెనిమిదేళ్లు నిండకపోతే తన సంతకంతో రాసుకున్న ఒప్పందం చట్టం ముందు నిలవదు. ఏ కాగితం మీదా సంతకం పెట్టనివ్వకండి. బరంపురంలో నా దగ్గరికి ఇలాగే ఒక కుటుంబం వచ్చింది. అప్పటికే బంగారం కుదువపెట్టి డబ్బు కట్టేశారు. ఆరు వారాలు అద్దం ముందు డైలాగులు చెప్పించి, ఒక ఫొటోల ఆల్బమ్ చేతికిచ్చి పంపారట. పోయిన డబ్బు కంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది ఆ కుర్రాడి ముఖం. ఏడాది దాకా వాళ్ల అమ్మ కళ్లలోకి చూడలేకపోయాడు.

ఇప్పుడు అసలు విషయం. మీ అమ్మాయి విజయనిర్మల గారి పేరు చెప్పడం నాకు చాలా సంతోషం కలిగించింది. ఆవిడ 44 సినిమాలకు దర్శకత్వం వహించి, ప్రపంచంలో అత్యధిక చిత్రాలు తీసిన మహిళా దర్శకురాలిగా 2002లో గిన్నిస్ రికార్డుల్లోకి ఎక్కారు. ఆ పేరు తలుచుకునే పిల్లకు కోరిక చిన్నది కాదు. కాకపోతే ఆవిడ జీవితాన్ని మీ పాప పైపైన చదివినట్టుంది. విజయనిర్మల గారు 1950లో ఒక తమిళ సినిమాలో బాలనటిగా కెమెరా ముందుకు వచ్చారు. అప్పటికి నాలుగేళ్ల పిల్ల. 1957లో 'పాండురంగ మహాత్మ్యం'లో చిన్ని కృష్ణుడిగా కనిపించారు. దర్శకురాలిగా మొదటి సినిమా 1973లో, అదీ మలయాళంలో. అదే ఏడాది తెలుగులో 'మీనా'. మధ్యలో 23 ఏళ్లు.

ఇది ఆవిడ ఒక్కరి కథ కాదు. భానుమతి గారు 1939లో 'వరవిక్రయం'తో నటి అయ్యారు. 'చండీరాణి'కి దర్శకత్వం వహించింది 1953లో. 14 ఏళ్లు. మన ఒడిశాలో ప్రశాంత నంద గారిని చూడండి. 1962లో 'నూవా బోవూ'తో నటుడయ్యారు, 1976లో 'శేష శ్రావణ'తో దర్శకుడయ్యారు. అక్కడా 14 ఏళ్లే. వీళ్లెవరూ పేరు వచ్చేదాకా ఆగి, వచ్చాక కుర్చీ మార్చుకున్నవాళ్లు కాదు. ఆ ఏళ్లన్నీ సెట్లోనే ఉండి, తమ షాట్ అయిపోయాక కూడా లైటు ఎక్కడ పెడుతున్నారు, ఈ ముక్క ఎందుకు రెండోసారి తీస్తున్నారు అని చూస్తూ కూర్చున్నారు. అప్పట్లో దర్శకత్వం నేర్పే బడి అంటే సెట్టే.

ఎల్.వి. ప్రసాద్ గారి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, మీ పాపకు ఇది చదివి వినిపించండి. ఏలూరు దగ్గర సోమవరప్పాడులో పుట్టారు. ఇంట్లో చెప్పకుండా బొంబాయి వెళ్లారు (అమ్మా, ఈ ఒక్క ముక్కను మాత్రం ఆదర్శంగా తీసుకోవద్దని చెప్పండి). అక్కడ ఒక సినిమా కంపెనీలో చిన్నా చితకా పనులు చేసే కుర్రాడిగా మొదలయ్యారు. హిందీలో తొలి టాకీ 'ఆలం ఆరా', తమిళంలో తొలి టాకీ 'కాళిదాస్', తెలుగులో తొలి టాకీ 'భక్త ప్రహ్లాద', ఈ మూడింటిలోనూ ఆయన నటించారు. 1931, 32 నాటి మాట ఇది. అన్నీ చిన్న వేషాలే. ఆ తర్వాత అసిస్టెంట్ డైరెక్టర్ అయ్యారు. అక్కినేని లక్ష్మీవరప్రసాదరావు అన్న పేరు పొడుగ్గా ఉందని ఎల్.వి. ప్రసాద్‌గా కుదించిందీ ఆ రోజుల్లోనే. దర్శకుడిగా 'గృహప్రవేశం' వచ్చేసరికి 1946. అందులో నటించింది కూడా ఆయనే. ఇక్కడా 15 ఏళ్లు. ఆ తర్వాత 1949లో 'మనదేశం'తో ఎన్.టి. రామారావు గారిని తెరకు పరిచయం చేశారు, 1955లో 'మిస్సమ్మ'ను తెలుగులోనూ తమిళంలోనూ తీశారు, 1982లో దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు అందుకున్నారు. గుర్తుపెట్టుకోవలసింది అవార్డును కాదు. నటుడిగా ఆయన హీరో స్థాయి పేరు తెచ్చుకున్నాక దర్శకుడు కాలేదు. చిన్న వేషాల మనిషిగానే ఉండి, పని నేర్చుకుని దర్శకుడయ్యారు.

'భక్త ప్రహ్లాద' అనగానే మన గంజాం వైపు ప్రహ్లాద నాటకం గుర్తుకు రాకుండా ఉండదు. జలంతరకోట రాజుగారి పేరు మీద వస్తున్న ఆ నాటకం మీ చుట్టుపక్కల ఇప్పటికీ ఆడుతున్నారు. మెట్ల వేదిక మీద హిరణ్యకశిపుడు ఊగిపోతుంటే జనమంతా అతణ్నే చూస్తారు. నేను చిన్నప్పుడు అలాగే చూశాను. పెద్దయ్యాక గాని పక్కన నిలబడ్డ గాహకుడి మీద నా కన్ను పడలేదు. పాట అందుకునేది, కథ నడిపేది, ఎవరు ఎప్పుడు రావాలో పాటతోనే పిలిచేది ఆయనే. రాజు ఎంత గర్జించినా గాహకుడు పాట ఎత్తితేనే అడుగు పడుతుంది.

మీ ఉత్తరంలో ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. "తను మాత్రం వాటిలో ఎప్పుడో గానీ కనిపించదు." అమ్మా, హీరోయిన్ కావాలని నిజంగా తపించే పిల్ల ఫోను పక్కవాళ్ల చేతికిచ్చి తన ముఖం తీయించుకుంటుంది. మీ పాప వీధి పిల్లల్ని నిలబెట్టి, నానమ్మ వడియాలు పెడుతుంటే ఆ చేతుల్ని తీసింది. తనకు కావలసింది గాహకుడి చోటు. హీరోయిన్ కావడం ఆ చోటికి వెళ్లే మెట్టు అనుకుంటోంది, అంతే. ఆ మెట్టు ఎక్కితీరాల్సిన అవసరం ఈ రోజుల్లో లేదు. నటన మీద కూడా నిజమైన ప్రేమ ఉంటే నాటకాల్లో నటించనివ్వండి. నటించిన అనుభవం ఉన్న దర్శకులకు నటుల భయం తెలుస్తుంది, ఎవరితో ఎలా మాట్లాడితే పని రాబట్టవచ్చో తెలుస్తుంది. దాని విలువ అక్కడ.

ఇప్పుడు దర్శకత్వం నేరుగా చదువుకోవచ్చు. పుణెలోని సినిమా బడి ఎఫ్‌టీఐఐ, కోల్‌కతాలోని సత్యజిత్ రే సినిమా సంస్థ, రెండూ కేంద్ర సమాచార ప్రసార శాఖ కిందివే. రెండింటిలోనూ దర్శకత్వం, స్క్రీన్‌ప్లే రచన కలిపి మూడేళ్ల కోర్సు ఉంది. దానికి ఏదో ఒక డిగ్రీ ఉండాలి. ఏ సబ్జెక్టు అని అడగరు. ఎంట్రన్స్ రాయాలి, తర్వాత ఇంటర్వ్యూ ఉంటుంది. సీట్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే కాబట్టి మొదటిసారి రాకపోతే కుంగిపోవద్దు. నాటకం వైపు లోతుగా వెళ్లాలనిపిస్తే ఢిల్లీలో నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా ఉంది. దానికీ డిగ్రీ కావాలి, కనీసం ఆరు నాటకాల్లో పాల్గొన్న అనుభవమూ అడుగుతారు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో, మీకు దగ్గరగా విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో థియేటర్ ఆర్ట్స్ విభాగాలు ఉన్నాయి. డిగ్రీ దాకా ఆగలేను అంటే కటక్‌లో బిజూ పట్నాయక్ ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. అక్కడ ఎడిటింగ్, సినిమాటోగ్రఫీ, సౌండ్ డిప్లొమాలు ఉంటాయి, డైరెక్షన్ ఉండదు. ఏ డిప్లొమాకు ప్లస్ టూలో ఏ గ్రూపు అడుగుతున్నారో ఆ ఏడాది ప్రాస్పెక్టస్ చూసుకోండి. చేతిలో ఎడిటింగ్ ఉన్నవాళ్లు ఆకలితో ఉండటం నేను చూడలేదు. పెళ్లి వీడియోల దగ్గర నుంచి ఒడియా ఆల్బమ్ పాటల దాకా పని దొరుకుతూనే ఉంది.

నన్నడిగితే మీ పాపకు ప్లస్ త్రీయే మంచిది. కాలేజీ సీట్లకు దరఖాస్తు చేసుకునే శామ్స్ పోర్టల్ తెరిచినప్పుడు మీ ఊళ్లోని కృష్ణచంద్ర గజపతి కాలేజీని మొదటి ఆప్షన్‌గా పెట్టండి. సాహిత్యం తీసుకోమనండి. చూశారా, మీ వారు చెప్పే దారీ, మీ పాప వెళ్లాల్సిన దారీ మూడేళ్ల వరకు ఒక్కటే. ఇంట్లో రోజూ జరుగుతున్న గొడవకు అసలు కారణమే లేదు. ఆ తర్వాత బి.ఎడ్.నా, పుణెనా అన్నది ఇరవై ఏళ్ల పిల్ల తేల్చుకుంటుంది, పదిహేడేళ్ల పిల్ల కాదు. మీ వారితో ఈ మాట నేను చెప్పానని చెప్పండి. టీచర్ ఉద్యోగం కోరుకోవడంలో ఆయన తప్పేమీ లేదు, కూతురు ఒకరి దయ మీద బతకకూడదని ఆయన బాధ. ఆ మాటకు బలం ఉంది. సావిత్రి గారంతటి నటి 1968లో 'చిన్నారి పాపలు'కు దర్శకత్వం వహించారు, ముఖ్యమైన సాంకేతిక విభాగాలన్నీ ఆడవాళ్లతోనే నడిపించారు. అంత పెద్ద సాహసం చేసిన మనిషి సొంత డబ్బు పెట్టి తీసిన 'ప్రాప్తం'తో బాగా నష్టపోయారు. చేతిలో ఇంకో బతుకుతెరువు ఉండటం, సొంత డబ్బు సినిమాలో పెట్టకపోవడం, ఈ రెండూ మీ పాప ఇప్పటి నుంచే వినాలి.

ఇక ఈ మూడేళ్లూ ఏం చేయాలి? మీ ఊరిని మించిన బడి ఉంటుందని నేను అనుకోను. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూనే సవరల భాష నేర్చుకున్నారు, జనం మాట్లాడే తెలుగే రాతలోకి రావాలని జీవితమంతా పోరాడారు. ఆయన పుట్టిన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. మీ పాప రోజూ నడిచే బజారు అదే ఊరిది. కూరగాయల దగ్గర తెలుగులో బేరం మొదలై ఒడియాలో ముగుస్తుంది, కొండ మీద నుంచి దిగివచ్చిన సవర ఆడవాళ్లు చింతపండు దగ్గర ఇంకో మాటలో మాట్లాడుకుంటారు. పాతపట్నం దాటితే యాస మారిపోతుంది. ఒక నోట్‌బుక్ కొనిచ్చి, వారానికి ఒక రోజు ఆ మాటల్ని విన్నవి విన్నట్టు రాయమనండి. డైలాగు రాయడం అలా వస్తుంది. రెండు భాషల్లో ఆలోచించగల పిల్ల ఇటు హైదరాబాద్‌కూ, అటు భువనేశ్వర్‌కూ కూడా పనికొస్తుంది. ఒడియా పరిశ్రమ చిన్నది కదా అని తీసిపారేయకండి, చిన్నచోట అసిస్టెంట్‌కు కూడా అన్ని పనులూ చేతికొస్తాయి. ఇంగ్లీషు మీద కూడా పట్టు పెంచుకోవాలి, పెద్ద సంస్థల ఎంట్రన్స్‌లు దాని మీద ఆధారపడి ఉంటాయి. ప్రహ్లాద నాటకంలో వేషాలు సంప్రదాయంగా మగవాళ్లే వేస్తారు, తెలుసు. మీ వారు వెంట వెళ్లి, రిహార్సల్స్ జరిగే రోజుల్లో గాహకుడికి దగ్గరగా కూర్చోబెట్టి చూడనివ్వమని ఆ ఊరి పెద్దల్ని అడగమనండి. కాదంటారని నేను అనుకోను.

ఎప్పుడైనా షూటింగ్‌కు పిలుపు వస్తే మొదటి రోజుల్లో మీలో ఒకరు తోడు వెళ్లండి. పనిచేసే చోట ఆడవాళ్లపై వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం సినిమా యూనిట్లకూ వర్తిస్తుంది. ఫిర్యాదు ఎవరికి చేయాలి అని ముందే అడగమనండి. ఆ ప్రశ్నకు ముఖం చిట్లించే చోట పని ఒప్పుకోవద్దు.

ఆ అరవై వేలూ ఎక్కడైనా తేవాలనుకున్నారు కదా, అంత అక్కర్లేదు. రెండు మూడు వేలలో చొక్కాకు తగిలించుకునే మైకు, ఫోను కదలకుండా ఒక స్టాండు కొనివ్వండి. బొమ్మ కొంచెం మసకగా ఉన్నా జనం చూస్తారు, మాట వినబడకపోతే లేచిపోతారు. మైకు వచ్చాక నానమ్మ వీడియోను మళ్లీ తీయమనండి. ఈసారి ఆవిడ వడియాలు పెడుతూ ఏం మాట్లాడుతుందో, ఏ పాట కూనిరాగం తీస్తుందో అదీ వినబడాలి. తీశాక నాకు పంపించండి. చూసి, ఏం బాగుందో ఏం బాగాలేదో మీ పాపకు నేనే రాస్తాను.