టెక్ సందేహాలు: ఎర్రగా ఉంటే చాలా? పికప్ ట్రక్కు గేర్‌బాక్స్‌లో ఏ ఆయిల్ పోయాలి?

కావలి దగ్గర రొయ్యల వ్యాపారం చేసే పాఠకుడు ఒకరు రాశారు: "సార్, మాది టయోటా హైలక్స్ ఆటోమేటిక్, 2022 మోడల్. చెరువుల కాడ నుంచి ఐస్ పెట్టెలు, రొయ్యల ట్రేలు దాంట్లోనే తోలుతాం. 80 వేల కిలోమీటర్లు దాటింది. గేర్‌బాక్స్ ఆయిల్ మారుద్దామంటే మా మెకానిక్ 'డెక్స్రాన్ 3 పోస్తే సరిపోద్దన్నా, ఎర్రగా ఉండేవన్నీ ఒకటే' అంటున్నాడు. షోరూము ఆయిలేమో లీటరు రేటు బాగా ఎక్కువ. ఏది పోయించమంటారు?"

డెక్స్రాన్ 3 వద్దండీ. మీ బండికి కావాల్సింది డబ్బా మీద 'డబ్ల్యూఎస్' అని రాసి ఉండే ఏటీఎఫ్, అంటే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్. ఎందుకో కాస్త వివరంగా చెబుతాను, రేపు మీ మెకానిక్‌తో మాట్లాడాల్సింది మీరే కాబట్టి.

ఆయన అనుభవం అబద్ధం కాదు. ఏళ్ల తరబడి లారీల పవర్ స్టీరింగుల్లో ఎర్ర ఆయిల్ పోస్తూ వచ్చారు, ఏ బండీ ఆగిపోలేదు. స్టీరింగ్‌లో ఆ ఆయిల్ ముఖ్యంగా చేసే పని ఒత్తిడిని మోయడమే. ఎరుపన్నది అందులో కలిపిన రంగు మాత్రమే. బండి కింద చుక్కలు పడితే అది ఇంజిన్ ఆయిలా, గేర్‌బాక్స్ ఆయిలా అని తెలియడానికి కలుపుతారు. గుణానికీ దానికీ సంబంధం లేదు.

ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో సంగతి వేరు. మీ కాలి కింద క్లచ్ లేదు గానీ లోపల చాలా క్లచ్ ప్లేట్లు ఆయిల్లో నానుతూ ఉంటాయి. గేరు మారిన ప్రతిసారీ కొన్ని ప్లేట్లు పట్టుకుంటాయి, కొన్ని వదిలేస్తాయి. ఎంత మెత్తగా పట్టుకోవాలి, ఎంత త్వరగా పట్టు బిగియాలి అన్నది ఆ ఆయిల్లోని రసాయనాల చేతిలో ఉంది. కొర్రమీను తోమేటప్పుడు జారకుండా చేతికి బూడిద రాసుకుంటారు కదా, అలాంటి లెక్కే. బూడిద తగ్గితే జారుతుంది, ఎక్కువైతే పట్టేసి చేయి కదలదు. ఒకప్పుడు అమెరికాలో ఈ గుణం కోసం తిమింగలం నూనె కలిపేవారు. 1970ల మొదట్లో దానిమీద నిషేధం పడ్డాక కొత్త రసాయనాలు వెతుక్కోవాల్సి వచ్చింది. అప్పటి నుంచి ఒక్కో కంపెనీ తన ప్లేట్లకు తగిన పాళ్లు తాను పెట్టుకుంటూ పోయింది. జనరల్ మోటార్స్‌కు డెక్స్రాన్, ఫోర్డ్‌కు మెర్కాన్, క్రిస్లర్‌కు ఏటీఎఫ్ ప్లస్ 4, టయోటాకు ముందు టీ-4, తర్వాత డబ్ల్యూఎస్. టయోటాలోనే టీ-4 అడిగే బండిలో డబ్ల్యూఎస్ పోయకూడదు, డబ్ల్యూఎస్ అడిగే బండిలో టీ-4 పోయకూడదు. ఇక బయటి కంపెనీ సంగతి చెప్పేదేముంది!

చిక్కదనం కూడా చూడాలి. డబ్ల్యూఎస్ పల్చటి ఆయిల్, డెక్స్రాన్ 3 అంతకంటే చిక్కన. మీ గేర్‌బాక్స్‌ను నడిపే కంప్యూటరు ఆ పల్చటి ఆయిల్ ఎంత వేగంగా పారుతుందో లెక్క వేసుకునే గేర్లు మారుస్తుంది.

తప్పు ఆయిల్ పోస్తే బండి అదే రోజు ఆగిపోదు, అందుకే జనం మోసపోతారు. కొన్ని వేల కిలోమీటర్లు తిరిగాక ఒకనాడు ఉలవపాడు దాటి హైవే మీద 60, 70 స్పీడులో పోతుంటే స్పీడు బ్రేకర్ల చారల మీద ఎక్కినట్టు బండంతా గడగడమంటుంది. యాక్సిలరేటర్ వదిలితే ఆగుతుంది. చక్రాల బ్యాలెన్సింగ్ అనుకుని టైర్ల షాపుకు పోతారు. లోపల ఇంజిన్ శక్తిని గేర్‌బాక్స్‌కు అందించే టార్క్ కన్వర్టర్‌లోని క్లచ్ పట్టీపట్టక జారుతూ ఉంటుంది.

డెక్స్రాన్ 3 విషయంలో ఇంకొకటి. జనరల్ మోటార్స్ ఆ పేరుకు లైసెన్సు ఇవ్వడం 2006తోనే ఆపేసింది. ఇవాళ షాపులో దొరికే 'డెక్స్రాన్ 3' డబ్బాలో ఏముందో ఆ కంపెనీ పరీక్షించదు. 'అన్ని బళ్లకూ సరిపోతుంది' అని రాసిన డబ్బాను నేనైతే ముట్టుకోను. వారంటీ ఉంటే షోరూము ఆయిలే పోయించండి. అయిపోయి ఉంటే, పేరున్న ఆయిల్ కంపెనీ డబ్బా మీద డబ్ల్యూఎస్ అని స్పష్టంగా రాసి ఉంటే అది కొనుక్కోవచ్చు. బిల్లు దాచుకోండి.

ఆయిల్ తీసేటప్పుడు దగ్గరే నిలబడండి. ప్లగ్గు విప్పితే మొత్తం రాదు, సగానికి పైగా టార్క్ కన్వర్టర్‌లోనే ఉండిపోవచ్చు. వచ్చినదాన్ని కొలత జాడీలో పట్టించి, అంతే కొత్తది పోయించండి. వెయ్యి కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి. పాత చుక్క ఒకటి తెల్లకాగితం మీద వేసి గంటసేపు ఉంచండి. లేత గులాబీ రంగులో పాకితే మేలు. నడుమ నల్లటి మచ్చ మిగిలి, మాడిన వాసన వస్తే ప్లేట్లు అరిగినట్టే, ఆయిల్ మార్చినంత మాత్రాన బాగుపడదు.

మీ బండి గేర్‌బాక్స్‌కు డిప్‌స్టిక్ ఉండదు. ఇంజిన్ నడుస్తుండగా, ఆయిల్ వేడి మాన్యువల్ చెప్పిన హద్దుల్లో ఉన్నప్పుడు పొంగు ప్లగ్గు (ఎక్కువైన ఆయిల్ బయటికి కారే ప్లగ్గు) విప్పి లెవెల్ చూడాలి. ఆ హద్దు 40 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. మన నెల్లూరు రోహిణి కార్తెలో మధ్యాహ్నానికి గాలే అంత వేడి! ఆయిల్ అప్పటికే వ్యాకోచించి ఉంటుంది, కాస్త పోయగానే పొంగి సరిపోయిందనిపిస్తుంది, చల్లారాక తక్కువ పడుతుంది. అందుకని బండి రాత్రంతా నీడన పెట్టి, తెల్లారుజామున ఈ పని పెట్టించండి.

ఒంగోలు నుంచి మరొకరు: "కొత్త లారీకి క్లచ్ పెడల్ లేదు, ఏటీఎఫ్ ఏది వాడాలి?"

ముందు అది ఏఎంటీనా అని చూడండి. అయితే లోపల ఉన్నది మామూలు గేర్‌బాక్సే, క్లచ్ నొక్కే పని మాత్రం యంత్రం చేస్తుంది. అందులో మాన్యువల్ చెప్పిన గ్రేడు గేర్ ఆయిల్ పోయాలి. ఏటీఎఫ్ పోస్తే పళ్లు అరిగిపోతాయి. ఆలిసన్ కంపెనీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉంటే మాత్రం టీఈఎస్ 295, లేదా దాని తర్వాత వచ్చిన టీఈఎస్ 668 ఆమోదం ఉన్న ఆయిల్ కావాలి. ఆమోదం పొందిన ఆయిళ్ల జాబితా ఆలిసన్ వాళ్లే ఇస్తారు, మీ డబ్బా పేరు అందులో ఉందో లేదో సరిచూసుకోండి.

నెల్లూరు నుంచి ఒక విద్యార్థి: "బండి కంప్యూటరులోని వివరాలు ఫోన్‌కు పంపే బ్లూటూత్ ఓబీడీ పరికరం కొన్నాను. నాన్న పికప్‌లో గేర్‌బాక్స్ ఆయిల్ వేడి ఫోన్‌లో కనపడుతుందా?"

కనపడొచ్చు, కానీ నేరుగా కాదు. యాప్ తెరవగానే కనిపించే ఉష్ణోగ్రత ఇంజిన్ కూలెంట్‌ది. దాన్ని చూసి గేర్‌బాక్స్ లెవెల్ సెట్ చేయకండి. గేర్‌బాక్స్ వేడికి చాలా కంపెనీలు సొంత కోడ్లు పెట్టుకున్నాయి. మీ మోడల్ కోడ్ యాప్‌లో విడిగా చేర్చాలి. చవక పరికరాలు కొన్ని ఆ కోడ్లకు బదులే రాబట్టలేవు. అది సరిగ్గా చెబుతోందో లేదో తేల్చుకోవడానికి పొద్దున్నే, రాత్రంతా కదలని బండిలో ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ ఆన్ చేసి చూడండి. కూలెంటు, గేర్‌బాక్స్ ఆయిల్ రెండూ ఇంచుమించు బయటి వేడినే చూపించాలి. పని అయ్యాక పరికరం పీకేయండి, బ్యాటరీ తాగేస్తుంది.