ఉప్పునీళ్ల తొట్టిలో తుంగ

ప్రశ్న: సార్, నమస్తే. దేవరకొండలో ఇంటర్ మీ దగ్గరే చదివిన. ఇప్పుడు మొబైల్ షాపు నడుపుతున్న. రెండేండ్ల కింద మూడడుగుల సముద్రపు అక్వేరియం పెట్టుకున్న, 200 లీటర్లు ఉంటది. రెండు క్లౌన్ చేపలు, కొన్ని మష్రూమ్ కోరల్స్, జోయాంథిడ్స్ అనే పగడాల లాంటి జీవులు ఉన్నయి. రాయి మీద చిన్న ఈతచెట్టు లెక్క గోధుమరంగుది ఒకటి మొలిస్తే ముచ్చటగ ఉన్నదని ఉంచిన. నాలుగైనయి. బ్లేడుతో గీకేసిన. రెండు నెలలు తిరిగేసరికి నలభై! పక్కనున్న జోయాంథిడ్స్ విచ్చుకుంటలేవు. మా ఫ్లోరైడ్ నీళ్ల వల్లనా? షాపాయన కాపర్ మందు వెయ్యమంటున్నడు. రాళ్లు ఉడకబెట్టాల్నా? మా దోస్తు రామేశ్వరం పోతున్నడు, కొత్త రాళ్లు తెస్తనంటున్నడు. ఏం చెయ్యాలె?
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: తమ్ముడూ, ముందు ఆ బ్లేడు దాచెయ్. హైడ్రా పాఠం చెప్పిన రోజు నువ్వు క్లాసుకు రాలేదనుకుంటా. 1740లలో ట్రెంబ్లే అనే శాస్త్రవేత్త హైడ్రా అనే బుల్లి నీటిజీవిని ముక్కలు చేస్తే ఏ ముక్కకాముక్క మళ్లీ హైడ్రా అయింది. నీ రాయి మీదిది ఐప్టేసియా అనే ఎనిమోనీ, చెట్టులా కనిపించే జంతువు, ఆ హైడ్రా వర్గానిదే. మనం ముట్టుకోకపోయినా అది పాదం అంచు నుంచి చిన్న చిన్న తునకలు వదులుతూ ఉంటుంది, ఆ తునకలే పిల్లలవుతాయి. నువ్వు గీకి, వాటిని నీళ్లలో చల్లి, చేతులారా నాటు వేశావు. మీ నాయన్ను అడుగు, పొలంలో తుంగను పైపైన కోస్తే ఏమవుతుందో.

నువ్వు పంపిన ఫోటోలో టెంటకిల్స్ (నోటి చుట్టూ ఉండే తీగలు) పొడుగ్గా, సన్నగా ఉన్నాయి కాబట్టి ఐప్టేసియా అంటున్నాను. పొట్టిగా, కొసలు ఉబ్బెత్తుగా ఉంటే మజానో అనే ఇంకో రకం ఎనిమోనీ. మందు రెండింటికీ ఒకటే.

ఫ్లోరైడ్ పాపం దీంట్లో లేదు. సముద్రపు నీళ్లలోనే లీటరుకు దాదాపు 1.3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉంటుంది. మన ఊళ్లలో కొన్ని బోర్లు సముద్రాన్ని మించిపోయాయి, అది వేరే ఏడుపు. తొట్టికి మాత్రం ఆర్వో నీళ్లే వాడు. ఎక్కువ మేత వెయ్యకు. క్లౌన్‌లు వదిలిన మేతంతా తినేది ఈ ఐప్టేసియానే.

కాపర్ వద్దే వద్దు. రొయ్యలు, నత్తలు, కోరల్స్ పోతాయి. రాళ్లు ఉడకబెట్టడం అంతకన్నా ప్రమాదం. జోయాంథిడ్స్‌లో పాలీటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉండొచ్చు. ఆ ఆవిరి పీల్చి ఆస్పత్రి పాలైన కుటుంబాలు ఉన్నాయి.

ఇక మందు. సున్నం. అవును, కాల్షియం హైడ్రాక్సైడ్. మొదటిసారి నేను మా అమ్మ తమలపాకుల పెట్టెలోని సున్నం డబ్బీ మీద కన్నేశాను. ఆమె ఇవ్వలేదు, మంచిదే అయింది. దాంట్లో ఇంకేం కలుపుతారో మనకు తెలియదు. ల్యాబ్ సామాన్లమ్మే చోట శుభ్రమైన పొడి దొరుకుతుంది. రాతిసున్నం తెచ్చి నీళ్లు పొయ్యకు, అది మరుగుతుంది. చేతులకు గ్లౌజులు, కళ్లకు అద్దాలు పెట్టుకో. ఆర్వో నీళ్లు చుక్క చుక్క కలుపుతూ దోశపిండి అంత చిక్కగా చెయ్. సన్న సూదిలో ఇరుక్కుంటుంది, 5 మిల్లీలీటర్ల సిరంజికి సన్నటి ప్లాస్టిక్ గొట్టం తొడుగు.

పంపులన్నీ ఆపు. మెల్లగా, పిల్లి నడిచినట్టు పోవాలి. నీడ పడినా, సిరంజి తగిలినా అది చటుక్కున రంధ్రంలోకి ముడుచుకుంటుంది, ఇక ఆ పూటకు దొరకదు. విచ్చుకుని ఉన్నప్పుడే సరిగ్గా నోటి మీద ఒక బొట్టు వదులు. మేత అనుకుని మింగుతుంది. ముడుచుకున్నాక పైన ఇంకో బొట్టు కప్పు. పావుగంట ఆగి పంపు వెయ్. పొడి ఎగిరి జోయాంథిడ్స్ మీద పడితే అవీ కాలతాయి, అందుకే పంపు ఆపమన్నది.

రోజుకు నాలుగైదు చాలు. నేను ఒకే సాయంత్రం పాతిక ముగించాలని కూర్చున్నాను. పిహెచ్ 8.2 నుంచి 8.7కు ఎక్కింది. తెల్లారేసరికి రెండు రొయ్యలు వెల్లకిలా ఉన్నాయి. మా ఆవిడ ఇప్పటికీ గుర్తు చేస్తుంటుంది. నిమ్మరసం కూడా పొడిచి చూశాను. చిన్నవి పోయాయి, పెద్దవి వారానికి మళ్లీ లేచాయి.

ఏమీ అంటుకోని ఉత్త రాయి మీద ఉంటే ఆ రాయి బయటికి తీసి మేలో మన ఎండకు మూడు వారాలు పడెయ్. కానీ దాన్ని నేరుగా తొట్టిలో వేస్తే లోపల చచ్చినవన్నీ కుళ్లి అమ్మోనియా వస్తుంది. విడిగా బకెట్లో ఉప్పునీళ్లలో నానబెట్టి, అమ్మోనియా సున్నా వచ్చాకే వెయ్.

సున్నంతో పెద్దవి పోయాక మిగిలే పిల్లలను తినడానికి పెప్పర్‌మింట్ రొయ్యలు రెండు మూడు వదులు. కొనేటప్పుడు కళ్లు తెరుచుకో. వీపు కొంచెం గూనిగా, ఎర్ర గీతల మధ్య తెల్ల గీతలు స్పష్టంగా, ముక్కు పైకి కిందికి ఆడేది ఉంటే అది క్యామెల్ రొయ్య. అది నీ కోరల్స్ తింటుంది. ఐప్టేసియా తప్ప ఏదీ తినని బెర్ఘియా అనే బుల్లి సముద్రపు నత్త కూడా ఉంది, నేను హైదరాబాద్‌లో అడిగిన చోట్ల దొరకలేదు. దొరికినా పెప్పర్‌మింట్ ఉన్న తొట్టిలో వెయ్యకు, రొయ్యకు అది పలహారం. కాపర్‌బ్యాండ్ బటర్‌ఫ్లై చేప తింటుందని ఎవరైనా చెబితే, నీ 200 లీటర్లు దానికి సరిపోవని చెప్పు.

మీ దోస్తును రామేశ్వరంలో స్వామి దర్శనం చేసుకుని రమ్మను, రాయి మాత్రం వద్దు. రాతిపగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. చచ్చిన ముక్కయినా సంచిలో దొరికితే కేసే. పైగా ఆ రాయి మీద ఇంకో నలభై రావని ఎవరు చెప్పారు?

వారానికోసారి రాత్రి లైట్లు ఆర్పాక టార్చి వేసి రాళ్ల వెనక, పంపు గూట్లో, ఓవర్‌ఫ్లో పెట్టెలో చూడు. నా తొట్టిలో ఆఖరిది ఫిల్టర్ పైపు లోపల దొరికింది, ఎనిమిది నెలల తర్వాత.