కిటికీలు ఆగుతాయి, ఎఫ్‌డీ జోలికి వెళ్లకండి

ప్రశ్న: మాది విశాఖ ఎంవీపీ కాలనీ. 22 ఏళ్ల కిందట కట్టిన అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు. చెక్క కిటికీలకు చెదలు పట్టాయి. గ్రిల్స్ ఆ చట్రాలకే బిగించి ఉన్నాయి. మొన్న అక్టోబరు వానలకు సముద్రం వైపు పడకగదిలోకి నీళ్లొచ్చాయి. తొమ్మిది కిటికీలు, బాల్కనీ తలుపు తీసేసి యూపీవీసీవి (గట్టి ప్లాస్టిక్‌వి) పెట్టడానికి ఒక కంపెనీ రూ.2.64 లక్షలకు కొటేషన్ ఇచ్చింది (240 చదరపు అడుగులు, అడుగుకు రూ.1,100). ఈ నెలాఖరులోగా అడ్వాన్స్ కడితేనే ఆ ధర అంటున్నారు. చేతికొచ్చే జీతం రూ.68,000. హోమ్ లోన్ ఈఎంఐ రూ.19,000, ఇంటి ఖర్చు రూ.34,000. ఏప్రిల్‌లో రూ.45,000 బోనస్ వస్తుంది. ఎఫ్‌డీ రూ.1.40 లక్షలు ఉంది, ఖాళీగా ఉన్న డబ్బే. అది తీసేసి, బ్యాంకు 16 శాతానికి మూడేళ్ల గడువుతో ఇస్తానంటున్న రూ.1.50 లక్షల ‘ప్రీ అప్రూవ్డ్’ (ముందే మంజూరైన) పర్సనల్ లోన్ కలిపితే పని అయిపోతుందనుకుంటున్నాను. కంపెనీ వాళ్ల దగ్గర 12 నెలల నో కాస్ట్ ఈఎంఐ (వడ్డీ లేని వాయిదాలు) కూడా ఉందట. నాకు, భార్యకు, ఇంటర్ చదివే పాపకు ఆఫీసు వాళ్ల ఆరోగ్య బీమా రూ.3 లక్షలకు ఉంది. అమ్మకు 71 ఏళ్లు, మాతోనే ఉంటుంది. లోన్ మంచిదా, ఈఎంఐ మంచిదా? హోమ్ లోన్ టాప్-అప్, బంగారం తాకట్టు, పీఎఫ్ సంగతేమిటి? లోన్ తీసుకుంటే పన్ను మిగులుతుందని స్నేహితుడు అంటున్నాడు. పని ఎలా సాగుతుందో కూడా కాస్త చెప్పండి.

జవాబు: రెండూ వద్దండి. ఎఫ్‌డీ తీయడం అంతకంటే వద్దు. కిటికీలు మార్చొద్దని నేను అనడం లేదు. చెదలు పట్టిన చట్రాన్ని ఏదో ఒకరోజు తీసేయాల్సిందే. కానీ వంటగది, బాత్‌రూమ్, కిటికీలు, ఇంట్లో ఏ పని పెట్టుకున్నా చాలామంది చేసే తప్పే మీరూ చేయబోతున్నారు. కొటేషన్‌లో కనిపించిన అంకెనే మొత్తం ఖర్చు అనుకుని, ఉన్న డబ్బంతా ఊడ్చి, తక్కువ పడిన దానికి అప్పు తెచ్చి పని మొదలుపెడతారు. పని సగంలో ఉండగా అసలు ఖర్చు బయటపడుతుంది. అప్పటికి చేతిలో పైసా ఉండదు, గోడ తెరిచి ఉంటుంది.

మీ లెక్కే చూద్దాం. మీరు పంపిన కొటేషన్‌లో అడుగున ‘పన్నులు అదనం’ అని ఉంది. 18 శాతం జీఎస్టీ కలిపితే 2.64 లక్షలు కాస్తా రూ.3,11,520 అవుతాయి. మీ ఎఫ్‌డీ, లోన్ కలిపితే 2.90 లక్షలు. లోన్‌లో 2 శాతం ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్టీ ముందే పట్టుకుంటే రూ.3,540 పోతుంది. అంటే ఒక్క మేకు కూడా పీకకముందే మీకు రూ.25,000 తక్కువ పడింది.

ఇక పని సంగతి. పాత చెక్క చట్రాలను హోల్డ్‌ఫాస్ట్‌లనే ఇనుప పట్టీలతో గోడలో పాతి కడతారు. వాటిని పెకలిస్తే చుట్టూ ప్లాస్టరింగ్ ఊడుతుంది, ఒక్కోచోట ఇటుక కూడా కదులుతుంది. కిటికీ కంపెనీ మనుషులు తమ ఫ్రేమ్ బిగించి, సందుల్లో ఫోమ్, సిలికాన్ నింపి వెళ్లిపోతారు. గోడ సరిచేయడానికి మేస్త్రీని, పుట్టీకి, రంగుకు పెయింటర్‌ను మీరే చూసుకోవాలి. మీ గ్రిల్స్ పాత చట్రానికే బిగించి ఉన్నాయని రాశారు. చట్రంతోపాటు అవీ ఊడొస్తాయి. సముద్రపు గాలికి ఇన్నేళ్లలో అవి ఎంత తుప్పు పట్టాయో తీశాక గానీ తెలియదు. కొత్తవి చేయించాలంటే వాటిదే పెద్ద ఖర్చు. అడుగున గ్రానైట్ పట్టీ విరిగితే అదొకటి. మూడో అంతస్తు కాబట్టి బయటివైపు పనికి పరంజా కావాలి. చెత్త దింపి తీసుకెళ్లే ఆటో కిరాయి వేరే. ఈ కొటేషన్‌లో ఇవేవీ లేవు. మీ ఇంటికి ఇవన్నీ కలిపి రూ.60,000 కంటే తగ్గుతాయని నేను అనుకోను.

ముందు పడ్డ 25,000, ఈ 60,000 కలిపితే రూ.85,000. అప్పుడు మీరు తీసేది క్రెడిట్ కార్డే. బాకీ నెల దాటితే 3.5 శాతం వడ్డీ, ఆ వడ్డీ మీద జీఎస్టీ, కలిపి నెలకు రూ.3,500. అది వడ్డీకే సరి, అసలు అలాగే ఉంటుంది. పర్సనల్ లోన్ ఈఎంఐ ఇంకో రూ.5,273. ఈ 1.50 లక్షల అప్పుకు మూడేళ్లలో మీరు కట్టే వడ్డీ దాదాపు రూ.40,000. జీఎస్టీతో కలిపినా ఇంట్లో ఒకటిన్నర కిటికీకి సరిపోయే సొమ్ము అది. లోన్ ‘ప్రీ అప్రూవ్డ్’ అని బ్యాంకు మెసేజ్ పంపిందని సంతోషంగా రాశారు. మీ జీతం క్రమం తప్పకుండా వాళ్ల ఖాతాలో పడుతోంది కాబట్టి పంపారు. ఆ అప్పు తీర్చాక మీ ఇంట్లో ఏం మిగులుతుందో వాళ్లు చూడలేదు. చూడాల్సింది మీరు.

నో కాస్ట్ ఈఎంఐ గురించి రెండు ముక్కలు. సున్నా వడ్డీ అనేదే ఉండదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు స్పష్టంగా చెప్పింది. ఆ వడ్డీ ధరలోనో, మీకు రావాల్సిన డిస్కౌంట్‌లోనో కలిసిపోయి ఉంటుంది. అది పక్కన పెట్టినా, 3,11,520ని 12 నెలలకు పంచితే నెలకు దాదాపు రూ.26,000. మీకు నెలకు మిగిలేదే రూ.15,000. ఇక ఆలోచించడానికేముంది?

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమైన విషయానికి వస్తాను. ఈఎంఐతో కలిపి మీ నెల ఖర్చు రూ.53,000. అత్యవసర నిధిగా దాచుకోవాల్సిన ఆరు నెలల ఖర్చు రూ.3.18 లక్షలు. మీ ఎఫ్‌డీ 1.40 లక్షలంటే రెండున్నర నెలల ఖర్చు, అంతే. ఒక్కరి జీతం మీద నలుగురు బతుకుతున్న ఇల్లు మీది. పాప ఇంటర్‌లో ఉంది. అమ్మగారికి డెబ్భై దాటాయి. ఆ ఎఫ్‌డీ ఇప్పటికే సగం కూడా లేని అత్యవసర నిధి. దాన్ని మీరు ‘ఖాళీగా ఉన్న డబ్బు’ అని రాశారు. దయచేసి ఆ మాట మనసులోంచి తీసేయండి. ఉద్యోగం పోయిన నెలలో ఈఎంఐ కట్టేది అదే. రాత్రిపూట ఆసుపత్రిలో చేరేటప్పుడు అడ్వాన్స్ కట్టేదీ అదే.

విశాఖలో ఉండేవాళ్లకు ఇది ఇంకొంచెం గట్టిగా చెప్పాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఊళ్లో ఎన్ని కిటికీల అద్దాలు పగిలాయో మీరూ చూసే ఉంటారు. ఆ తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు, ఏటీఎంలు పనిచేయలేదు. పాలకు, నీళ్లకు, పెట్రోలుకు క్యూలు. చేతిలో కొంత నగదు, బ్యాంకులో కొంత సొమ్ము ఉన్నవాళ్లు ముందుగా తేరుకున్నారు. అప్పటికే నాలుగు ఈఎంఐలు కడుతున్నవాళ్లు ఇంటి రిపేరుకు మళ్లీ అప్పే చేశారు. మీరు ఖరీదైన కిటికీలు పెట్టుకుని నిధి ఖాళీ చేసుకుంటే, అలాంటి తుపాను మళ్లీ వస్తే కిటికీలు నిలబడతాయేమో గానీ ఇంటి బడ్జెట్ నిలబడదు.

నా మాట విని ఇలా చేయండి. ఎఫ్‌డీ అలాగే ఉంచండి. ఈ జనవరి నుంచి ఏప్రిల్ దాకా మిగులు రూ.60,000, బోనస్ రూ.45,000 కలిపితే రూ.1.05 లక్షలు. అందులోంచి ముందు సొంతంగా ఒక ఫ్యామిలీ ఫ్లోటర్ పాలసీ (కుటుంబమంతటికీ కలిపి ఒకే ఆరోగ్య బీమా) తీసుకోండి. కనీసం రూ.5 లక్షలకు తీసుకుని, పైన సూపర్ టాప్-అప్ (ఆసుపత్రి ఖర్చు ఒక పరిమితి దాటాక పనికొచ్చే అదనపు బీమా) వేసుకోండి. ఆఫీసు బీమా ఉద్యోగం ఉన్నంత వరకే. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియం మీద జీఎస్టీ లేదు కాబట్టి ఖరీదని వాయిదా వేయకండి. అమ్మగారికి ఈ వారమే ఆయుష్మాన్ వయ వందన కార్డు చేయించండి. 70 ఏళ్లు దాటినవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఏటా రూ.5 లక్షల దాకా చికిత్స ఉంటుంది. ఆమె ఆధార్‌తో నమోదు చేయించాలి. మీ ఇంటికి దగ్గరలో ఏ ఆసుపత్రులు ఆ జాబితాలో ఉన్నాయో కూడా ఇప్పుడే చూసి పెట్టుకోండి.

మిగిలిన సొమ్ముతో మే నెలలో, వానలు మొదలయ్యేలోగా, సముద్రం వైపు కిటికీలు మాత్రం మార్చండి. మూడు కిటికీలు అంటే 60 చదరపు అడుగులు, జీఎస్టీతో కలిపి రూ.77,880. గోడ, గ్రిల్ ఖర్చు దానిమీద వేసుకోండి. బీమా ప్రీమియం కట్టాక మూడింటికి చాలకపోతే రెండే మార్చండి. మిగతావాటికి వడ్రంగిని పిలిచి రిపేరు, చెదల మందు, ఒక కోటు రంగు. ఇంకో ఏడాది రెండేళ్లు అవి నడుస్తాయి. మే తర్వాత మిగులంతా అత్యవసర నిధికే. నెలకు 15,000 చొప్పున ఏడాదిలో 1.80 లక్షలు జమైతే ఎఫ్‌డీతో కలిపి 3.20 లక్షలు, అంటే మీ ఆరు నెలల ఖర్చు. ఆ తర్వాతే రెండో విడత కిటికీలు.

విడతలుగా చేస్తే ధర పెరుగుతుందని కంపెనీ వాళ్లు అంటారు. అడుగుకు యాభయ్యో వందో పెరగొచ్చు, పెరగనివ్వండి. 16 శాతం వడ్డీ కంటే అది చౌకే. నెలాఖరు ఆఫర్ గురించి టెన్షన్ పడకండి. ఈ రంగంలో పోటీ బాగా ఉంది, ఇంకో ఇద్దరి దగ్గర కొటేషన్లు తీసుకోండి.

పని ఎలా ఉంటుందని అడిగారు కదా. వాళ్ల మనిషి వచ్చి కొలతలు తీసుకుని డ్రాయింగ్ ఇస్తాడు. మీరు సంతకం చేశాక ఫ్యాక్టరీలో కోతకు వెళ్తుంది, ఇక మార్చలేరు. అందుకే ఏ రెక్క ఎటు తెరుచుకుంటుందో, దోమల జాలి ఎటు వస్తుందో, గ్రిల్ లోపలా బయటా అన్నది సంతకానికి ముందే తేల్చుకోండి. స్లైడింగ్ అయితే సగమే తెరుచుకుంటుంది. వాన జల్లు కొట్టే వైపు తలుపులా తెరుచుకునే రెక్కలే బాగా బిగుస్తాయి. యూపీవీసీ లోపల గాల్వనైజ్డ్ స్టీల్ ఉందా, ఎంత మందం అన్నది కాగితం మీద రాయించండి. భారత ప్రమాణాల్లో భవనాలకు విశాఖలో లెక్కలోకి తీసుకునే గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, హైదరాబాద్‌లో 44. ఎక్కడో అమ్ముతున్న చౌక ప్యాకేజీని మూడో అంతస్తులో సముద్రం వైపు పెట్టకండి. మరలు, లాకులు స్టెయిన్‌లెస్ స్టీల్‌వే కావాలని అడగండి. తయారీకి కొన్ని వారాలు పడుతుంది. బిగించడం చిన్న ఇంట్లో ఒకటి రెండు రోజుల పనే, కానీ దుమ్ము చాలా ఉంటుంది. అమ్మగారిని ఆ రెండు రోజులు వేరే గదిలోనో బంధువుల ఇంట్లోనో ఉంచండి. బయటి రూపు మారుతుంది కాబట్టి అపార్ట్‌మెంట్ అసోసియేషన్ దగ్గర ముందే రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి.

డబ్బు కట్టే తీరు కూడా ముఖ్యం. చాలా కంపెనీలు సగం అడ్వాన్స్‌గా, మిగతాది సరుకు బయల్దేరే ముందు కట్టమంటాయి. కనీసం పది శాతం పని పూర్తయ్యాక ఇస్తానని ఒప్పందంలోనే రాయించండి. బిగించిన తర్వాత పైపుతో బయటి నుంచి పది పదిహేను నిమిషాలు నీళ్లు కొట్టించి, లోపలికి చుక్క రాకపోతేనే ఆ పది శాతం ఇవ్వండి. అడుగు ట్రాక్‌లో నీళ్లు బయటికి పోయే రంధ్రాలు మూసుకుపోలేదని కూడా అప్పుడే చూసుకోండి. వారంటీ కార్డులో ఫ్రేమ్‌కు ఎన్నేళ్లు, లాకులకు, రోలర్లకు ఎన్నేళ్లు అన్నది విడివిడిగా చదవండి.

మీరు అడిగిన మిగతావి క్లుప్తంగా. హోమ్ లోన్ మీద టాప్-అప్ (అదే లోన్ మీద ఇచ్చే అదనపు అప్పు) పర్సనల్ లోన్ కంటే చౌక, కానీ నిధి నిండేదాకా అదీ వద్దు. బంగారం తాకట్టు ఆసుపత్రి అవసరానికి దాచుకోండి. పీఎఫ్ నుంచి ఇంటి మరమ్మతులకు తీసుకునే వీలుంది, కిటికీల కోసం రిటైర్మెంట్ డబ్బు తీయడం నాకు ఇష్టం లేదు. లోన్ తీసుకుంటే పన్ను మిగులుతుందని స్నేహితుడు చెప్పారన్నారు. సొంతంగా ఉండే ఇంటి మరమ్మతుల అప్పు మీద పాత పన్ను విధానంలో ఏటా రూ.30,000 వడ్డీ వరకే మినహాయింపు, అదీ హోమ్ లోన్ వడ్డీతో కలిపి ఉన్న రూ.2 లక్షల పరిమితి లోపలే. కొత్త విధానంలో అసలు లేదు.

చివరగా, ఇంటికి బీమా ఉందో లేదో మీరు రాయలేదు. భారత్ గృహ రక్ష పాలసీ దాదాపు అన్ని సాధారణ బీమా కంపెనీల దగ్గరా ఉంటుంది. తుపాను, వరద, అగ్నిప్రమాదం అన్నీ అందులోకి వస్తాయి, ప్రీమియం తక్కువ. చెదలకు, పాతబడి పాడైనవాటికి మాత్రం పైసా రాదు. హోమ్ లోన్ ఇచ్చినప్పుడు బ్యాంకు మీ చేత ఏదైనా పాలసీ తీయించిందేమో ఆ ఫైల్ తీసి చూడండి. ఉంటే గడువు ఎప్పటిదాకా ఉందో, అది ఇంటికా లేక మీ ప్రాణానికా అన్నది నాకు రాయండి.